ఎనిమిదిన్నర కిలోల జొన్నలు

తాహేరాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. జబ్బు పడ్డ బిడ్డను ఎత్తుకొని ఘాటు రోడ్డు మళ్ళీ నడిచి దిగాల్సి రావడం. అడవిలో పులంటే ఆమెకు అంత భయం లేదు. చావంటే కూడా లేదు. నడకంటేనే భయం.

ఒకసారి నడిచింది. ఎనభై ఆరు వానాకాలంలో. వాళ్ళ ఊరు బండలపల్లి అమ్రాబాద్ గుట్టల పైన ఉంటుంది. దవాఖాన గుట్టల కింద, పదకొండు కిలోమీటర్ల ఘాటు దిగితే గాని రాదు. పద్నాలుగు నెలల రుఖియాకు ఆ పొద్దు తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. ఏడు గంటల బస్సు కోసం కూచున్నారు. ఎనిమిదైంది, బస్సు పైకి రాలేదు. భర్త మెహమూద్‌కు బస్సాగే చోట సైకిల్ షాపు, ఐదు కిరాయి సైకిళ్ళు. అందులో ఒకటి తీశాడు. వెనక క్యారియర్ మీద తాహేరా, ఆమె ఒళ్ళో రుఖియా. రెండో మలుపు దగ్గర వెనక బ్రేకు రబ్బరు ఊడి ఎగిరిపోయింది. అది మెహమూద్ తన చేతులతోనే పాత టైరు ముక్క కోసి బిగించిన రబ్బరు. కాళ్ళు నేలకు రాసి ఎట్లనో ఆపాడు. చెప్పుల అడుగులు అరిగి మడమలు తోలు లేచినయి. ఇగ అక్కడినుంచి నడక, ఎనిమిది కిలోమీటర్లు.

ఆరో మలుపు దాటుతుంటే రుఖియా బరువు మారింది. తాహేరాకు తెలిసింది. ఆమె చెప్పలేదు. మెహమూద్ ఆమె మొఖం దిక్కు ఒకసారి చూశాడు గని అడగలేదు. ఇద్దరూ మాట్లాడకుండా దవాఖాన దాకా నడిచారు.

దాని తరువాత కూడా మాట్లాడలేదు. మెహమూద్ ఆ సైకిలును నట్టు నట్టూ విప్పి, ఉత్త ఫ్రేమును షాపు గోడకు తగిలించాడు. ఊళ్ళో అందరి సైకిళ్ళకూ కొత్త రబ్బర్లే వేసేవాడు. పాత టైరు ముక్కతో సర్దుమని ఎవరన్నా అడిగితే, చేతిలో పానా పక్కన పెట్టి లోపలికి పోయేవాడు. ఘాటు దిక్కు మాత్రం సైకిల్ తొక్కలేదు. తాహేరా వండింది, నీళ్ళు మోసింది, బట్టలు పిండింది. ఏడుపు రాలేదు. ఏడుపు రావట్లేదని ఎవరికన్నా చెప్పాలని కూడా అనిపించలేదు.

రెండేండ్లకు తాజుద్దీన్ పుట్టాడు. వాడికి ఐదు నెలలున్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆమె షాపుకు వచ్చింది. మెహమూద్ చైనుకు నూనె పెడుతున్నాడు.

"నాకు సైకిల్ నేర్పియ్."

"ఎందుకు?"

"ఘాటు దిగనీకి."

మెహమూద్ తల ఎత్తలేదు. గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "నాతోని గాదు," అన్నాడు. "గోపయ్యనడుగు."

గోపయ్య కట్టెలాయన. ఇరవై ఏండ్లుగా సైకిలు మీద కట్టెల మోపు వేసుకొని, కింద హోటళ్ళకు అమ్మి, ఉత్త సైకిలుతో మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కి వచ్చేవాడు. అరవై దాటాడు. నవ్వితే ముందు రెండు పళ్ళుండవు.

"అవా?" అన్నాడు తాహేరా చూపు పసిగట్టి. "మూడో మలుపుకు కిరాయి కట్టిన. రెండు పళ్ళు. ఇరవై ఏండ్లకు ఎక్కువేం గాదు బిడ్డా."

"నాకు నేర్పుతవా తాతా?"

"తొక్కుడు నేర్సుకొని రా ముందు. దిగుడు నేను సెప్త."

షాపులో ఒక ఆడోళ్ళ సైకిలు ఉండేది, మధ్యలో రాడ్డు లేనిది. బదిలీ మీద పోయిన టీచరమ్మ అమ్మిపోయింది. తాహేరా దాన్ని ఈద్గా వెనక బయలుకు తోసుకుపోయింది. చీర కొంగు చైనులో పడుతుందని లోపల మెహమూద్ పాత ప్యాంటు వేసుకొని, చీర పైకి దోపుకుంది. పది రోజులకు బ్యాలెన్సు వచ్చింది. మోచేతులు, మోకాళ్ళు కొట్టుకుపోయినయి. అత్త అజీజా బేగం వాటికి పసుపు పెడుతూనే తిట్టేది.

"ఆరో తరగతిల బడి మానిపిచ్చిన్రంట మీ వాళ్ళు. మానిపియ్యకపోతే ఇంకేమేం నేర్సుకుంటుంటివో. సర్కస్‌ల చేరుతవా? చేరు. పులులు గుడ ఈడనే దొరుకుతయ్."

"అమ్మీ, జర మెల్లగ పెట్టు. మండుతాంది."

"మండని. మండితెనే బుద్ధొస్తది." అంటూనే ఊదేది.

గోపయ్య మొదటి రోజు ఆమెను ఎక్కనియ్యలేదు. మొదటి మలుపు దగ్గర రాయి మీద కూచోబెట్టి చెప్పాడు.

"బ్రేకు పట్టుకొని కూసుంటే రిమ్ము కాలుతది, రబ్బరు కరుగుతది. పట్టు, ఇడువు. పట్టు, ఇడువు. మలుపుల బ్రేకు ఎయ్యకు, మలుపుకు ముందే ఎయ్యి. మలుపు ఎటుంటె గా దిక్కు కాలు పైకుండాలె, కింద పెడితె పైడిల్ నేలకు తాకి ఎత్తి కొడ్తది. చేతులు బిగవట్టకు. బర్రెను పట్టినట్టు గాదు, గిన్నె పట్టినట్టు పట్టు. సైకిల్ ఎగురుతది, ఎగరని. నువ్వు ఎగరకు."

"ఎక్కుడు?"

"ఎక్కుడు కాళ్ళతోని గాదు, ఊపిరితోని. తొక్కుడుకు ఒక లెక్క పెట్టుకో. నాలుగు తొక్కులకు లోపలికి, నాలుగు తొక్కులకు బయటికి. రోడ్డుకు నిలువు ఎక్కకు, పాము లెక్క అడ్డం అడ్డం ఎక్కు. నిలబడి తొక్కకు, ముసలోని లెక్క కూసొని తొక్కు. ముసలోడు ఊరికే ముసలోడు గాలే."

మొదటి వారం కింది నుంచి మొదటి మలుపు దాకా కూడా ఎక్కలేకపోయింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. తొడలు రాత్రికి రాయిలాగా అయ్యేవి. తాజూకు పాలిచ్చే వేళ దాటితే రవిక తడిసిపోయేది, ఆ తడి ఘాటు గాలికి చల్లబడేది. ఇంటికి రాగానే అజీజా బేగం ఏడ్చే పిలగాణ్ణి ఒళ్ళో పడేసి "ఇగో నీ సరుకు" అనేది. అయినా పొద్దున ఆరింటికి మళ్ళీ బయలుదేరేది. సాయంత్రం తొడలకు నువ్వుల నూనె రాసుకునేది. పోయేముందు ఒక బెల్లం ముక్క, సగం రొట్టె. కడుపు నిండా తింటే ఎక్కలేమని గోపయ్య చెప్పాడు. ఎండాకాలం వచ్చేసరికి మధ్యలో రెండుసార్లు సైకిలు ఆపి పైదాకా ఎక్కింది. వానలు పడేసరికి ఒక్కసారే ఆపింది. తరువాత ఆపలేదు.

అప్పుడు గోపయ్య అన్నాడు: "ఇగ బరువు గట్టుకో. పిలగాడెంతుంటడో అన్ని జొన్నలు."

అంగన్‌వాడీ నర్సింగమ్మ దగ్గర పిల్లల్ని తూచే ముల్లు కాంటా ఉండేది. తాజూ ఏడు కిలోలు తూగాడు. ఇంటికొచ్చి తాహేరా ఒక బట్ట సంచీలో జొన్నలు పోసింది. మళ్ళీ నర్సింగమ్మ దగ్గరికి పోయి కాంటాకు తగిలించింది. ఇంకొన్ని పోసింది. ముల్లు ఎనిమిదిన్నర మీద ఆగింది. నర్సింగమ్మ ముల్లును చూసింది, తాహేరాను చూసింది. రుఖియా కార్డు మీద ఆఖరి బరువు రాసింది కూడా ఆమెనే.

మరునాడు గోపయ్య సంచీ ఎత్తి చూశాడు. "ఏడు కిలోలంటివి గదనే?"

"ఎనిమిదిన్నర."

"ఎందుకు?"

"ఎదుగుతడు గద," అంది తాహేరా. పాత చీరతో సంచీని బిడ్డను కట్టుకున్నట్టే రొమ్ముకు కట్టుకుంది. గడ్డం కింద మూతి వచ్చేటట్టు.

ఆ రోజునుంచి దాదాపు ప్రతి పొద్దూ ఆ సంచీతోనే దిగింది. ఆరో మలుపు వచ్చినప్పుడల్లా ఒక పని చేసేది. బ్రేకు ముందే వేసి, లోపలి కాలు పైకి ఎత్తి, సంచీ మీద ఎడమ మోచెయ్యి ఆనించి, మలుపు దాటేది. దాటి వంద గజాలు పోయాక ఊపిరి వదిలేది. సంతోషమేమీ లేదు. దుఃఖం కూడా లేదు. దాటింది, అంతే. మళ్ళీ రేపు దాటాలె.

గోపయ్య ఒక అడ్డదారి కూడా నేర్పాడు. మూడో మలుపు దగ్గర రోడ్డు విడిచి, మేకలు దిగే బాట పట్టి పోతే నాలుగో, ఐదో, ఆరో మలుపులు తప్పుతయి. మూడు కిలోమీటర్లు కలిసొస్తది. కానీ అదంతా మొరం, వేర్లు, గుండ్రాళ్ళు. "రాయి దిక్కు జూడకు," అనేవాడు గోపయ్య వెనకనుంచి అరుస్తూ. "రాయిని జూస్తే రాయి మీదికే పోతవ్. రాయి పక్కన జాగా జూడు!" బాట మరీ నిటారుగా ఉన్నచోట కట్టెలోళ్ళు చేసే పని ఒకటుంది. ఒక పచ్చి కొమ్మ నరికి క్యారియరుకు కట్టి వెనక ఈడ్చుకుంటూ దిగుతారు. కొమ్మ నేలకు రాసుకుంటూ సైకిలును పట్టి ఉంచుతుంది. తాహేరా అది కూడా నేర్చుకుంది. కానీ సంచీ కట్టుకొని అడ్డదారి దిగలేదు. సంచీ ఉన్న రోజు ఆరో మలుపు మీదుగానే పోయేది.

తాజూ ఎదిగాడు. ఎనిమిదిన్నర దాటాడు. పాకాడు, నిలబడ్డాడు, చేతికి దొరికింది నోట్లో పెట్టుకున్నాడు.

"పది దాటిండంట గద పోరడు," అన్నాడు గోపయ్య చలికాలం మొదట్లో. "ఇంకో రెండు కిలోలు పొయ్యి సంచిల."

"రేపు పోస్త."

"నిన్న గుడ రేపే అన్నవ్."

"పోస్త తాతా."

పొయ్యలేదు. సంచీ మూతి విప్పి, జొన్నల డబ్బా ముందు రెండుసార్లు కూచుంది. మళ్ళీ కట్టేసింది.

ఎనభై తొమ్మిది డిసెంబరులో తాజూకు జ్వరం వచ్చింది. మొదటి రోజు జలుబన్నారు. మూడో రోజు పొద్దున పదింటికి పిలగాడు డొక్కలు ఎగరేస్తున్నాడు. పాలు పట్టట్లేదు. ముక్కు రంధ్రాలు విప్పుకుంటున్నయి. అజీజా బేగం వాడి ఛాతి మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా కోడలి దిక్కు చూసింది. తిట్టు ఒక్కటీ రాలేదు ఆమె నోట.

అది బంద్ రెండో రోజు. నిన్నటినుంచి ఒక్క బస్సు లేదు, జీపు లేదు.

తాహేరా పిలగాణ్ణి రొమ్ముకు కట్టుకొని షాపుకు వచ్చింది. మెహమూద్ వాడి ఊపిరి విన్నాడు. ఆమె చేతిలోంచి సైకిలు తీసుకున్నాడు. వంచి, నాలుగు బ్రేకు రబ్బర్లనూ బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూశాడు. వెనక చక్రం లేపి తిప్పి బ్రేకు వేశాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ వేశాడు. మూడోసారి తిప్పబోతుంటే తాహేరా అంది:

"మంచిగనే ఉన్నయ్. నిన్ననే ఏసినవ్."

"ఊ."

"నువ్వు రావా?"

అతను గోడకున్న ఫ్రేము దిక్కు చూశాడు. "నేనొస్తే ఆలిసం ఐతది," అన్నాడు. "పో."

ఆమె పోయింది. మొదటి మలుపు. పట్టు, ఇడువు. రెండో మలుపు. తాజూ వేడి ఊపిరి ఆమె గొంతుకు తగులుతోంది, కుక్కపిల్ల ఊపిరి లెక్క గబగబా. ఆమె ఏమీ తలవలేదు. బ్రేకు పట్టులు లెక్కబెట్టింది, అంతే. మూడో మలుపులో బంద్‌వాళ్ళు రోడ్డుకు అడ్డంగా పెద్ద చెట్టు కొట్టి పడేశారు. కొమ్మలు ఇటు గుట్టను, అటు లోయ అంచును తాకుతున్నయి. సైకిలును దాటించే సందు లేదు. చెట్టు పక్కన గోపయ్య నిలబడి బీడీ తాగుతున్నాడు, బాట ఎక్కి అప్పుడే వచ్చాడు. ఆమెను చూసి బీడీ పారేశాడు.

"గిది సంచి గాదు గదా?"

"తాజూ."

"ఎన్ని కిలోలు?"

"పదిన్నర."

గోపయ్య పిలగాడి కట్టును కిందినుంచి ఎత్తి చూశాడు. "రెండు కిలోలు నీకు తెల్వని బరువు," అన్నాడు మెల్లగా. "పైగ జొన్నలు కదలయి. వీడు కదులుతడు." గొడ్డలితో ఒక కొమ్మ కొట్టి, క్యారియరుకు బిగించి కట్టాడు. "అడ్డదారే పట్టు. ఎనుకకు జరిగి కూసో. ఇంకా ఎనుకకు. కాళ్ళు రెండు సమంగ. పో బిడ్డ. నేనొస్త అన్నా నా కాళ్ళు నిన్ను అందుకోవు."

సగం దాకా బాగానే దిగింది. కొమ్మ వెనక గరగరమంటోంది. వేర్ల దగ్గర తాజూ ఒక్కసారి ఒళ్ళు విరిచి తన్నాడు. సంచీ ఎన్నడూ తన్నలేదు. ముందు చక్రం పక్కకు తిరిగింది, తాహేరా కుడి పక్కకు పడింది. పడుతూనే రెండు చేతులూ పిలగాడి చుట్టూ వేసింది. మోకాలు రాయికి పగిలింది. తాజూ ఏడవలేదు, దగ్గాడు. ఆమె లేచింది. చూస్తే హ్యాండిలు వంకరపోయింది. ముందు ఆమెకు నడవాలనే అనిపించింది. కాలు రెండడుగులు వేసింది కూడా. ఒకటి. రెండు.

అక్కడ ఆగింది. మళ్ళీ వచ్చి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ నడుమ ఇరికించి, హ్యాండిలు పట్టి బలం కొద్దీ తిప్పింది. మెహమూద్ షాపులో రోజుకు పదిసార్లు చేసే పని. పగిలిన మోకాలి నెత్తురు టైరుకు అంటింది. హ్యాండిలు దారికి వచ్చింది. ఎక్కింది. వెనకకు జరిగి కూచుంది. రాయి పక్కన జాగా చూసింది. ఇంకో జాగా. ఇంకోటి.

బాట రోడ్డులో కలిసింది. కొమ్మ తాడు విప్పి పారేసి, మళ్ళీ ఎక్కి తొక్కింది.

దవాఖానలో కాంపౌండరు కార్డు రాస్తూ అడిగాడు. "బంద్ గద, ఎట్లొచ్చినవమ్మా?"

"సైకిల్ మీద."

"ఎవరు తోలిన్రు?"

"నేనే."

అతను కలం ఆపి ఆమె మోకాలు చూశాడు, మళ్ళీ రాసుకున్నాడు. పిలగాణ్ణి తూచారు. పది కిలోల నాలుగు వందలు. సూది వేశారు, ముక్కుకు గొట్టం పెట్టారు. సాయంత్రానికి డొక్కలు ఎగరేసుడు తగ్గింది. మరునాడు పాలు తాగాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆరో మలుపు రాలేదని. అడ్డదారిలో అది వెనకపడిపోయింది. దాని గురించి తలవనే లేదు. గుండె తేలికవుతుందేమోనని మంచం పట్టీ మీద కూచొని కొంచెం సేపు ఎదురుచూసింది. ఏమీ కాలేదు. తాజూ ఆమె వేలు పట్టుకొని నిద్రపోతున్నాడు. వేలు తియ్యకుండా కూచుంది.

మూడో రోజు బస్సులు తిరిగినయి. మెహమూద్ వచ్చాడు. లోపలికి రాకముందు, వరండాలో ఆనించి ఉన్న సైకిలు దగ్గర వంగాడు. కిటికీలోంచి తాహేరా చూస్తోంది. రబ్బర్లు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కాడు. తరువాత వచ్చి మంచం చివర కూచున్నాడు. పిలగాడి పాదం పట్టుకున్నాడు.

"అరిగినయా?" అన్నాడు.

"జర అరిగినయ్."

"కొత్తయి ఏస్త."

ఆమె అడగాలనుకుంది, నేను పోయినంక నువ్వేం చేసినవని. గోపయ్య తరువాత చెప్పాడు. గోపయ్య పైకి ఎక్కి వచ్చి "దిగింది" అని చెప్పేదాకా మెహమూద్ షాపు ముందర ఎండలో నిలబడే ఉన్నాడట. చెప్పినంక కూడా నిలబడే ఉన్నాడట.

ఇంటికి వచ్చిన రోజు చూస్తే, రోజూ ఆమె తగిలించే దూలానికి జొన్నల సంచీ లేదు. తాహేరా వంటింట్లోకి పోయింది. అజీజా బేగం రొట్టెలు చేస్తోంది.

"జొన్నలకు పురుగు పడ్తాంది," అంది అత్త, వెనకకు తిరగకుండానే. "పిండి పట్టిచ్చిన. ఊకె దూలానికి ఏలాడదీసి ఎన్ని దినాలు పెడ్తవ్?"

తాహేరా పీట వేసుకొని కూచుంది. అత్త పళ్ళెంలో రొట్టె వేసింది, మీద ఉల్లిగడ్డ కారం. తిన్నది. ఇంకోటి వేసింది. అదీ తిన్నది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

అజీజా బేగం కొంగుతో మొఖం తుడుచుకుంది, పొయ్యి పొగ అని.

ఆ తరువాత ఊళ్ళో తాహేరా పేరు చాలామంది ఎత్తారు. నర్సింగమ్మ ముగ్గురు తల్లులను పట్టుకొచ్చింది, గొల్లోళ్ళ బీరమ్మను కూడా. తాహేరా వాళ్ళకు పొద్దున ఆరింటికి నేర్పుతుంది. ముందు ఊపిరి, తరువాత ఎక్కుడు, తరువాత దిగుడు. సంచీ విషయంలో మాత్రం ఊరుకోదు. ప్రతి నెలా కాంటాకు పిల్లను తగిలిస్తుంది, సంచీని తగిలిస్తుంది. ముల్లు రెండుసార్లూ ఒక్కచోటే నిలవాలె. "ఇప్పుడున్న బిడ్డ బరువే గట్టుకోవాలె," అంటుంది. ఎందుకని బీరమ్మ ఒకసారి అడిగింది. "నేను తప్పు గట్టిన," అంది తాహేరా, చైను మీద మన్ను దులుపుతూ.

ఆమెనందరూ అడుగుతారు. ఎట్లున్నవమ్మా, పిలగాడెట్లున్నడు, మోకాలు మానిందా అని. బస్సు డ్రైవరు కూడా కిటికీలోంచి అడుగుతాడు. మెహమూద్‌ను అడిగేవాళ్ళు లేరు. ఆయన దగ్గరికి పంచరని వస్తారు, గాలని వస్తారు, పోతారు. తాహేరా ఘాటు దిగిన ప్రతి పొద్దూ, ఆమె తిరిగి ఎక్కి వచ్చేదాకా ఆయన షాపు ముందర నిలబడి ఉంటాడు. ఆమె కనబడగానే లోపలికి పోయి ఏదో పని పట్టుకుంటాడు. గోడకు ఆ ఫ్రేము ఇంకా అట్లనే ఉంది. ఇప్పటికీ ఘాటు దిక్కు సైకిలు తొక్కలేదు.

మీరు ఎప్పుడన్నా ఆ గుట్టల మీదికి పోతే, బండలపల్లిలో మీ బండి దిగితే, ఆ షాపు దగ్గర జర ఆగండి. టైరులో గాలి నిండుగా ఉన్నా సరే, గాలి కొట్టమని అడగండి. బ్రేకుల మాట ఎత్తకండి. పక్కన రాయి ఉంటుంది, దాని మీద కూచోండి. తిన్నవా మెహమూద్ భాయ్ అని అడగండి. జవాబు చెప్పడానికి ఆయనకు కొంచెం సేపు పడుతుంది. లేవకండి, చెప్పేదాకా కూచోండి.